మూడో స్తంభం ఎక్కడ పెట్టాలి? పర్‌స్పెక్టివ్‌ను లెక్కతో గీయడం, మొదటి గీత నుంచి

ఆదివారం పొద్దున హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ప్యాడ్ పెట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని తమ బొమ్మ చూపిస్తారు. అడిగేది దాదాపు ఒకటే మాట: "మొదటి రెండు స్తంభాలు బాగానే వస్తాయండీ, మూడోది ఎంత దూరంలో పెట్టాలో తెలియడం లేదు." చాలామంది అందాజుగా పెట్టేస్తారు, నాలుగో స్తంభానికి వచ్చేసరికి వరండా ఎక్కడో విరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకో అర్థం కాక మొత్తం చెరిపేస్తారు.

దూరం పెరిగేకొద్దీ వస్తువులు కంటికి చిన్నవిగా కనిపించే తీరును కాగితం మీదికి తేవడమే పర్‌స్పెక్టివ్. అందులో మూడో స్తంభం చోటు ఒక చిన్న భాగహారంతో తేలిపోతుంది. పదో తరగతి సరూప త్రిభుజాలు గుర్తుంటే చాలు, గుర్తు లేకపోయినా కింద చెబుతాను. ఒకే ఒక్క బొమ్మ తీసుకుందాం: ఎడమవైపు గోడ, కుడివైపు స్తంభాలు ఉన్న బడి వరండా. దాన్ని పూర్తిగా గీశాక గుండ్రటి స్తంభాలకు, ఆ తర్వాత బయటికి వెళ్దాం.

## 1. ముందు గాజు మీద గీయండి

దీన్ని దాటేయకండి, పది నిమిషాల పని. కిటికీ గాజు ముందు నిలబడి ఒక కన్ను మూసి, తల కదపకుండా, బయట కనిపించే గోడ అంచుల్ని, కరెంటు స్తంభాల్ని మార్కర్‌తో గాజు మీదే గీయండి. గాజు లేకపోతే ప్లాస్టిక్ షీటును అట్ట చట్రానికి అంటించి వాడొచ్చు.

ఇప్పుడు రెండు పనులు చేయండి. రెండో కన్ను తెరిచి మొదటిది మూయండి, గీతలు పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి. తర్వాత ఒక అడుగు వెనక్కి వెయ్యండి, గీతలకూ బయటి వస్తువులకూ అసలు పొంతన ఉండదు. పర్‌స్పెక్టివ్ బొమ్మ ఒకే కంటికి, ఒకే చోటికి కట్టుబడి ఉంటుందని దీంతో చేతికి తెలుస్తుంది. మీ కాగితం ఆ గాజే అనుకోండి, మిగతాదంతా దాని నుంచే వస్తుంది.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏ3 కాగితం, అడ్డంగా (42 సెం.మీ. వెడల్పు)
- 30 సెం.మీ. స్కేలు, వీలైతే ఒక మీటరు స్కేలు లేదా గట్టి దారం
- లైన్లకు హెచ్‌బి, చివర్లో ముదురు గీతలకు 2బి పెన్సిల్
- మూలమట్టం (జామెట్రీ బాక్సులోది చాలు)
- టేపు, రబ్బరు, క్యాలిక్యులేటర్

కాగితాన్ని టేబుల్‌కు నాలుగు మూలలా టేపు వేసి అంటించండి. మధ్యలో కాగితం జరిగితే ఆ తర్వాత వేసే ప్రతి గీతా తప్పే.

## 3. గీయకముందే తేల్చుకోవాల్సిన అంకెలు

బొమ్మ పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే, ఇంకా పెన్సిల్ ముట్టుకోకముందే. ఈ అంకెల్ని కాగితం వెనక రాసుకోండి:

- నేల నుంచి మీ కంటి ఎత్తు: 150 సెం.మీ. (నిలబడి చూస్తున్నాం)
- కంటికీ కాగితానికీ దూరం: 32 సెం.మీ.
- మొదటి స్తంభం మీ నుంచి: 4 మీటర్లు
- స్తంభానికీ స్తంభానికీ మధ్య: 2 మీటర్లు
- వరండా వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మీరు సరిగ్గా మధ్యలో ఉన్నారు

ఇక సూత్రం. మీ కన్ను, 32 సెం.మీ. దూరంలో కాగితం, 4 మీటర్ల దూరంలో స్తంభం. కంటి నుంచి స్తంభం మొదలు దాకా ఒక గీత, కంటి ఎత్తులోనే నేరుగా ఇంకో గీత వేస్తే పెద్ద త్రిభుజం. కాగితం దాన్ని మధ్యలో కోస్తే దానిలోపల చిన్న త్రిభుజం. కోణాలు ఒకటే కాబట్టి భుజాల నిష్పత్తి కూడా ఒకటే.

కాగితం మీద కొలత = నిజమైన కొలత × 32 ÷ వస్తువు దూరం (అన్నీ సెంటీమీటర్లలో)

మన స్తంభం మొదలు కంటికి 150 సెం.మీ. కింద ఉంది. 150 × 32 = 4800, దాన్ని 400తో భాగిస్తే 12. అంటే మొదటి స్తంభం మొదలు కంటి గీతకు (కాగితం మీద మీ కంటి ఎత్తును చూపే అడ్డగీతకు) 12 సెం.మీ. కింద పడుతుంది. ప్రతిసారీ ఇదంతా చేయక్కర్లేదు. దూరం మీటర్లలో తీసుకుంటే ఈ వరండాకు 48ని దూరంతో భాగించండి, అంతే. కంటి ఎత్తో కాగితం దూరమో మారిస్తే ఆ 48 మారుతుంది, లెక్క తీరు మారదు.

## 4. కంటి గీత, మధ్య చుక్క

కాగితం పైఅంచు నుంచి 15 సెం.మీ. కింద అడ్డంగా పలచని గీత వేయండి. ఇది కంటి గీత. దాని మీద ఎడమ అంచు నుంచి 21 సెం.మీ. దగ్గర ఒక చుక్క పెట్టండి. మీ నుంచి నేరుగా లోపలికి పోయే గీతలన్నీ, అంటే గోడ అంచు, కప్పు అంచు, నేల అంచు, ఈ చుక్కలోనే కలుస్తాయి. వానిషింగ్ పాయింట్ అనేది దీన్నే.

ఎందుకు కలుస్తాయో మన భాగహారమే చెబుతుంది. దూరం పెరిగేకొద్దీ 48 ÷ దూరం చిన్నదవుతూ సున్నాకు దగ్గరవుతుంది, పక్క కొలతకూ అంతే, రెండూ సున్నా అయ్యే చోటే ఆ చుక్క.

చుక్క చుట్టూ పైకి 12, కిందికి 12, ఎడమకు 12, కుడికి 12 సెం.మీ. తీసుకుని 24 × 24 చతురస్రం గీయండి. ఇది వరండా వాకిలి, మీకు 4 మీటర్ల దూరంలో. నాలుగు మూలల నుంచి చుక్క దాకా నాలుగు పలచని గీతలు. వరండా డబ్బా తయారైంది.

## 5. స్తంభాలు

స్తంభాల లోపలి అంచు చుక్కకు కుడివైపు ఎంత దూరంలో పడుతుందో ఇదిగో (వెడల్పులో సగం కూడా 150 సెం.మీ. కాబట్టి పక్కకూ, కిందికీ, పైకీ ఒకే అంకె):

- 4 మీటర్లు: 12 సెం.మీ.
- 6 మీటర్లు: 8 సెం.మీ.
- 8 మీటర్లు: 6 సెం.మీ.
- 10 మీటర్లు: 4.8 సెం.మీ.
- 12 మీటర్లు: 4 సెం.మీ.

కంటి గీత మీద చుక్క నుంచి కుడికి ఈ దూరాలు గుర్తు పెట్టి, ఒక్కో చోట మూలమట్టంతో నిలువు గీత వేయండి. కింది గీత, పై గీత ఎక్కడ తగిలితే అక్కడ ఆపండి.

మధ్య ఖాళీలు చూడండి: 4, 2, 1.2, 0.8. ఇక్కడే నేను చూసిన బొమ్మల్లో సగానికి పైగా జారిపోయాయి. నాలుగు తర్వాత రెండు వచ్చింది కదా, తర్వాత ఒకటి, ఆ తర్వాత అర అని సగం సగం చేసుకుంటూ పోతారు. అలా చేస్తే స్తంభాలు 12, 8, 6, 5, 4.5, 4.25 దగ్గర పడతాయి. నాలుగూ రెండూ ఒకటీ అరా పావూ ఎన్నిసార్లు కలిపినా మొత్తం 8 దాటదు, కాబట్టి స్తంభాలు ఎన్ని పెట్టినా చుక్కకు 4 సెం.మీ. దగ్గరే ఆగిపోతాయి, ముందుకు పోవు. 4 సెం.మీ. అంటే పై జాబితాలో 12 మీటర్లు. అంటే మీ వరండా ఎంత పొడుగైనా 12 మీటర్ల దగ్గర కనబడని గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది, చూసేవాళ్లకు ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడో చెప్పలేరు. నేను కూడా చాలా కాలం ఇలాగే గీశాను, లెక్క వేసి చూసిన రోజు పాత బొమ్మలన్నీ తీసి ఒక్కొక్కటీ కొలిచాను, ప్రతిదాంట్లో అదే తప్పు.

ఖాళీలు సమానంగా పెట్టేవాళ్లు ఇంకొందరు: 12, 8, 4, సున్నా. నాలుగో స్తంభానికే చుక్కలో మునిగిపోతారు.

క్యాలిక్యులేటర్ లేకుండా ఇదే పని, కర్ణంతో:

1. మొదటి రెండు స్తంభాలు వేయండి.
2. రెండో స్తంభం నడిమి చోటు గుర్తించండి. మన బొమ్మలో అది కంటి గీత మీదే ఉంది. వేరే బొమ్మలో అయితే మొదటి స్తంభం నడిమి నుంచి చుక్క దాకా గీత వేస్తే అది రెండోదాన్ని నడిమిన కోస్తుంది.
3. మొదటి స్తంభం పైకొస నుంచి రెండోదాని నడిమి మీదుగా గీతను కిందికి లాగండి.
4. అది నేల గీతను తాకిన చోటే మూడో స్తంభం మొదలు.

స్కేలు పెట్టి కొలవండి, సరిగ్గా 6 సెం.మీ. వస్తుంది. నిజంగా చూసినా ఆ గీత స్తంభాల నడుమ ఉన్న రెండు ఖాళీల్ని కలిపిన పెద్ద దీర్ఘచతురస్రానికి కర్ణమే. పర్‌స్పెక్టివ్‌లో పొడవులు మారతాయి, కోణాలు మారతాయి, కానీ తిన్నని గీత తిన్నగానే ఉంటుంది, కర్ణాలు కలిసే చోటు నడిమి చోటుగానే ఉంటుంది. మీకు ఈ ఒక్క ముక్క పట్టుబడితే తలుపులు, కిటికీలు, రైలు పెట్టెలు అన్నీ లెక్క లేకుండానే పంచుకోవచ్చు.

స్తంభం మందం కూడా లెక్కలోకి రావాలి. 30 సెం.మీ. మందం ఉంటే మొదటి స్తంభం ముందు ముఖం 2.4 సెం.మీ., అంటే 12 నుంచి 14.4 దాకా. దాని లోపలి పక్క 4.3 మీటర్ల దాకా పోతుంది, 48 ÷ 4.3 = 11.2, కాబట్టి ఆ పక్క 8 మిల్లీమీటర్లు కనిపిస్తుంది. అయిదో స్తంభానికి అదే పక్క ఒక్క మిల్లీమీటరు. దూరపు స్తంభాలకు కూడా పక్క ముఖాన్ని వెడల్పుగా గీస్తే అవి వరుస తప్పి పక్కకు తిరిగినట్టు కనిపిస్తాయి.

## 6. నేల మీద టైల్స్

వాకిలి కింది అంచు 24 సెం.మీ. నిజంలో 3 మీటర్లు. అర మీటరు టైల్స్ అనుకుంటే ఆరు టైల్స్, ఒక్కోటి 4 సెం.మీ. గుర్తులు పెట్టి ప్రతి గుర్తు నుంచి మధ్య చుక్కకు గీత వేయండి.

అడ్డగీతలు ఎక్కడ వేయాలి? కంటి గీత మీద చుక్క నుంచి కుడికి 32 సెం.మీ. దగ్గర ఇంకో చుక్క కావాలి. కాగితం 21కే అయిపోతుంది కాబట్టి పక్కన టేబుల్ మీద టేపు ముక్క అంటించి దాని మీద గుర్తు పెట్టండి. నేల మీద 45 డిగ్రీల్లో పోయే గీతలన్నీ అక్కడికే పోతాయి, ఎందుకంటే 45 డిగ్రీల్లో ఎంత లోపలికి పోతే అంతే పక్కకు జరుగుతాం, సూత్రంలో వేస్తే మిగిలేది 32 మాత్రమే. వాకిలి ఎడమ కింది మూల నుంచి ఆ గుర్తుకు మీటరు స్కేలుతో గీత వేయండి. అది ఒక్కో టైల్ గీతను కోసిన చోట ఒక్కో అడ్డగీత.

టేబుల్ మీద చోటు లేకపోతే 16 సెం.మీ. దగ్గర చుక్క పెట్టుకోండి, అప్పుడు కోసిన ప్రతి చోటా రెండు టైల్స్ లోతు వస్తుంది.

సరిచూసుకోవడానికి: కంటి గీతకు 8 సెం.మీ. కింద వచ్చే అడ్డగీత రెండో స్తంభం మొదలుతో ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే ముందుకు పోకండి.

## 7. గుండ్రటి స్తంభాలు

మన దగ్గర పర్‌స్పెక్టివ్ నేర్చుకునేవాళ్లకు ఉన్న అదృష్టం కాకతీయుల స్తంభాలు. వేయిస్తంభాల గుడి (1163లో రుద్రదేవుడు కట్టించాడు) స్తంభం దగ్గర అర గంట నిలబడి చూడండి. చదరపు దిమ్మె, దాని మీద గుండ్రటి పట్టీ, సన్నటి వలయాలు, మళ్లీ దిమ్మె, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. నల్లరాయి నునుపు మీద వెలుతురు పడితే ప్రతి వలయం అంచూ విడిగా తెలుస్తుంది. మీ కంటి ఎత్తులో ఉన్న వలయం తిన్నని అడ్డగీతలా ఉంటుంది. కిందివి ముందుకు వేలాడే ఊయల తాడులా కిందికి వంగుతాయి, పైవి విల్లులా పైకి వంగుతాయి. ఎంత పైకి పోతే వంపు అంత ఎక్కువ. మోకాళ్ల మీద కూర్చుంటే ఇప్పటిదాకా తిన్నగా ఉన్న వలయం పైకి వంగిపోతుంది.

లెక్క ఇలా. 4 మీటర్ల దూరంలో 60 సెం.మీ. వ్యాసం ఉన్న పళ్లెం లాంటి వలయం, కంటికి 150 సెం.మీ. కింద. దగ్గరి అంచు 3.7 మీటర్లలో, 48 ÷ 3.7 = 13. దూరపు అంచు 4.3లో, 11.2. అంటే కాగితం మీద దాని నిలువు 1.8 సెం.మీ., అడ్డం 4.8. అదే వలయం కంటికి 75 సెం.మీ. కింద ఉంటే నిలువు 0.9, కంటి ఎత్తులో సున్నా. కాగితం మీద వలయం ఇలా అణిగిన వృత్తంలా, అంటే దీర్ఘవృత్తంగా పడుతుంది. కంటి గీత నుంచి దూరం రెట్టింపైతే దీర్ఘవృత్తం నోరు కూడా రెట్టింపు తెరుచుకుంటుంది.

గీసే వరుస:

1. స్తంభం నడిమి నిలువు గీత వేయండి.
2. అన్నిటికంటే కింది వలయం లెక్కతో వేయండి.
3. కంటి గీత మీద తిన్నని అడ్డగీత.
4. మధ్యలోని వలయాలకు వంపును ఆ నిష్పత్తిలో పంచండి.
5. రెండు కొసల్లో మొన తేలకూడదు. దీర్ఘవృత్తం కొస ఎంత చిన్నదైనా గుండ్రంగానే తిరుగుతుంది. ఈ తప్పు చేయనివాళ్లు తక్కువ.

పెద్ద వృత్తాలకు, అంటే బావి గట్టు లాంటివాటికి, ముందు చతురస్రం పర్‌స్పెక్టివ్‌లో గీసి కర్ణాలు వేయండి. వృత్తం నాలుగు భుజాల్నీ నడిమి చోట్ల తాకుతుంది, ప్రతి కర్ణాన్నీ నడిమి నుంచి మూల వైపు పదికి ఏడు పాళ్ల దగ్గర దాటుతుంది. ఆ ఏడు పాళ్లను బొమ్మలో సగం కర్ణం మీద నేరుగా కొలవకండి, చతురస్రం దగ్గరి అంచు మీద కొలిచి మధ్య చుక్కకు గీత వేసి తెచ్చుకోండి. ఎనిమిది చోట్లు దొరికితే చేయి దానంతట అదే తిరుగుతుంది.

## 8. మూల నుంచి చూస్తే

భవనం మూల మీ వైపు ఉంటే రెండు వానిషింగ్ పాయింట్లు, రెండూ కంటి గీత మీదే. వాటిని ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు. మూల లంబకోణం కావాలంటే ఎడమ దూరం × కుడి దూరం = 32 × 32, అంటే 1024 (దూరాలు మధ్య చుక్క నుంచి). రెండు గోడలూ సమానంగా కనిపిస్తే 32, 32. ఒక గోడ ఎక్కువ మీ వైపు తిరిగి ఉంటే 16, 64. లంబకోణ త్రిభుజంలో లంబకోణ శీర్షం నుంచి కర్ణానికి గీసిన లంబం వర్గం, కర్ణం రెండు ముక్కల లబ్ధానికి సమానం అని చదివింది ఇదే, ఇక్కడ ఆ శీర్షం మీ కన్ను.

రెండు చుక్కల్నీ కాగితం లోపలే ఇరికిస్తే ఇల్లు ఓడ ముక్కులా మీదికి పొడుచుకొస్తుంది. 64 సెం.మీ. దూరంలోని చుక్కకు స్కేలు చాలదు, టేబుల్‌కు పిన్ను గుచ్చి దారం కట్టి లాగండి.

## 9. బయట, కోటలో

అక్కడ మీటర్లు కొలవలేం, పెన్సిల్‌తో కొలుస్తాం. చేయి పూర్తిగా చాచి, మోచేయి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొస నుంచి బొటనవేలి దాకా కొలత తీసుకోండి. మోచేయి కొంచెం వంగినా త్రిభుజం మారిపోతుంది.

వరంగల్ కోటలో దీనికి మంచి పాఠం ఉంది. నాలుగు కీర్తి తోరణాలు నాలుగు దిక్కులా ఉంటాయి, దాదాపు ఒకేలాంటివి. ఒక తోరణం ముందు మధ్యలో నిలబడి ఎదుటి తోరణం కూడా కనిపించేలా చూసుకోండి. రెండిటి ఎత్తూ పెన్సిల్ మీద కొలవండి. దూరపుది దగ్గరిదానిలో అయిదో వంతు ఉంటే అది అయిదు రెట్లు దూరంలో ఉన్నట్టు. దగ్గరి తోరణం దాకా అడుగులు లెక్కపెట్టి, ఆ తర్వాత ఎదుటి తోరణం దాకా నడిచి సరిచూడండి. పిల్లల్ని తీసుకెళ్తే ఇదొక్కటి తప్పకుండా చేయించండి, నిష్పత్తి అంటే టెన్షన్ పడే పిల్లలు కూడా అడుగులు లెక్కపెడుతూ పరుగెడతారు.

స్టాండు పెట్టాలనుకుంటే అక్కడి సిబ్బందిని ముందే అడగండి. రైలు పట్టాలు గీయాలనుకుంటే కాజీపేట స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీదో, వంతెన మీదో ఉండి గీయండి, పట్టాల మీదికి దిగొద్దు.

## 10. తేడా కనిపిస్తే

- మనుషులు గాల్లో తేలుతున్నారు: నేల సమంగా ఉండి, మీరు నిలబడి చూస్తుంటే, మీ అంత ఎత్తున్నవాళ్ల కళ్లన్నీ కంటి గీత మీదే ఉండాలి. దూరపువాళ్ల కాళ్లు మాత్రమే పైకి వస్తాయి.
- నిలువు గీతలు లోపలికి వాలాయి: ఫోన్ ఫొటో చూసి గీశారు, ఫోన్ పైకి వంచి తీశారు. ఫోన్‌ను నిటారుగా పట్టి మళ్లీ తీయండి.
- అంచుల్లో వస్తువులు సాగిపోయాయి: మరీ దగ్గరగా నిలబడ్డారు. మధ్య చుక్క నుంచి బొమ్మ మూల దాకా దూరం, కాగితం దూరంలో సగం చుట్టుపక్కల ఉండాలి. మనది 17కి 32.
- అంతా సరిగ్గానే ఉంది కానీ బల్లపరుపుగా ఉంది: దూరపు గీతల్ని కూడా ముదురుగా దిద్దారు. 2బి మొదటి రెండు స్తంభాలకే వాడండి.

## 11. ఆఖరి అభ్యాసం: వరండాలో ముగ్గు

మీ టైల్స్ నేల మీదే ఏడు వరుసల ఏడు చుక్కల ముగ్గు వేయండి. ఆరు టైల్స్ వెడల్పు, ఆరు టైల్స్ లోతు, టైల్ మూలలే చుక్కలు. వరుసలు కంటి గీతకు ఇంత కింద రావాలి: 12, 10.7, 9.6, 8.7, 8, 7.4, 6.9 సెం.మీ.

నడిమి వరుస చూడండి. 12కూ 6.9కూ సగం 9.4, కానీ నడిమి చుక్క పడాల్సింది 8.7 దగ్గర. చేయి మాత్రం 9.4 దగ్గరే పెట్టమని లాగుతుంది. ముందు ఎదురెదురు మూలల్ని కలిపి రెండు కర్ణాలు వేయండి, అవి కలిసిన చోట నడిమి చుక్క పడిందో లేదో చూడండి. ఒక మిల్లీమీటరు తేడా ఉంటే పెన్సిల్ చెక్కుకుని ముగ్గు తిప్పడం మొదలుపెట్టండి. రెండు దాటితే ముగ్గు ఆపి, టేబుల్ మీద అంటించిన ఆ 32 సెం.మీ. గుర్తును మళ్లీ కొలవండి, టేపు జరిగి ఉంటుంది.